టైలరమ్మ ట్యాబ్‌లో లేని మాట

పక్షవాతం వచ్చి టైలరమ్మ మాట పడిపోయినప్పుడు వీధి వీధంతా బాధపడింది. నిజం చెప్పాలంటే, కాస్త ఊపిరి కూడా పీల్చుకుంది. కొలతలివ్వడానికి వచ్చిన మనిషికి నాలుగు చీవాట్లు కూడా పెట్టి పంపే నోరు మరి ఆమెది!

కుడిచెయ్యీ చచ్చుబడింది. కొడుకు తల్లిని కళ్లల్లో పెట్టుకుని చూసుకునే రకం. ఆమె కోసం మాట్లాడే ట్యాబ్ తెచ్చాడు. తెర మీద బొమ్మ నొక్కితే అదే పైకి పలుకుతుంది. బొమ్మలన్నీ తానే ఏరి పెట్టాడు: మంచినీళ్లు, ఆకలి, నొప్పి, బాత్రూమ్, సరే, థ్యాంక్స్. ఆ ట్యాబ్ గొంతేమో తేనె కారుతూ ఉంటుంది. ఆ గొంతులో "థ్యాంక్స్" విని పక్కింటావిడ, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఇన్నాళ్లకు కుదిరింది" అని మురిసిపోయింది. టైలరమ్మ అప్పుడు చూసిన చూపుకు తెర మీద బొమ్మ లేదు.

ఒక సాయంత్రం కొడుకు సెల్ రిపేర్లు చేసే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"అమ్మా, ఎలాగూ కుట్టలేవు కదా. ముందు గదిలో దుకాణం ఈయనకిచ్చేద్దాం. సరేనా?"

మొగుడు పోయాక టైలరమ్మ పిల్లాణ్ని పెంచిందీ, తలెత్తుకు తిరిగిందీ ఆ దుకాణంతోనే. ఎడమచేతి వేలు తెరంతా వెతికింది. జవాబుగా ఉన్నది "సరే" ఒక్కటే. దిక్కుతోచక "నొప్పి" నొక్కింది.

"ఎక్కడమ్మా?" అంటూ కొడుకు కాళ్లు పిసకసాగాడు.

ఆమె రిపేరాయన్నే చూస్తూ "బాత్రూమ్" నొక్కింది. పొమ్మన్నది ఆయన్నని ఎవరికీ తట్టలేదు. కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టుకుని ఆమెనే తీసుకెళ్లారు. తిరిగొచ్చేసరికి రిపేరాయన, "పొద్దున్నే సామాను తెచ్చేసుకుంటా" అని ముందు గదిలోంచే కేకేసి వెళ్లిపోయాడు.

మర్నాడు మాటల శిక్షణ ఇచ్చే మేడమ్ వచ్చింది. ట్యాబ్ చూస్తూనే, "'వద్దు' ఏదండీ?" అంది.

"అదెందుకు మేడమ్? ఏది కావాలంటే అది తెచ్చిపెడుతున్నాంగా!" కొడుకు నొచ్చుకున్నాడు.

మన జాలి ఇలాగే ఉంటుంది. నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీ ఇస్తాం, మాట్లాడలేనివాళ్లకు యంత్రం ఇస్తాం, కాదనే హక్కు మాత్రం మన జేబులోనే ఉంచుకుంటాం.

మేడమ్ "వద్దు" చేర్చింది. పక్కనే అక్షరాల వరసా తెరిచింది. మొదటి అక్షరం కొడితే చాలు, మిగతా మాట యంత్రమే అందిస్తుంది.

అంతలో రిపేరాయన బల్ల మోసుకుంటూ దిగాడు.

"వద్దు," అంది తేనెగొంతు. "వద్దు. వద్దు."

కొడుకు నోరు వెళ్లబెట్టాడు. "మరి కుట్టేదెవరే అమ్మా?"

టైలరమ్మ వేలు ఒక్కో అక్షరమే వెతుక్కుంది. "కోడలు కుడుతుంది. నేను చెబుతాను."

కోడలు విసురుగా వచ్చి, అత్త ఒళ్లోని ట్యాబ్ మీద తానే "వద్దు" నొక్కింది. "నన్నొక్క మాట అడిగారా అత్తయ్యా? మీ నోటికి జడిసే కదా కుట్టు నేర్చుకుని కూడా మానేశాను!"

టైలరమ్మ వేలు మళ్లీ అక్షరాల మీదికి దిగింది.

"సగం దుకాణం నీది. తిట్లు తగ్గిస్తా."

"మానేస్తా అనండి."

టైలరమ్మ ఏమాత్రం తడుముకోకుండా "వద్దు" నొక్కింది.

కోడలు ఫక్కున నవ్వి, బల్ల పట్టుకుని నిలబడ్డ రిపేరాయనకు పక్కకి తప్పుకుని దారిచ్చింది, బయటికి.