కొత్త సైకిలుకి ఆముదం

కొండంటే ఏమిటో గిలకలదిండిలో పుట్టినవాళ్ళకి తెలియదు. బందరు పక్కన సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ ఊళ్ళో ఎత్తైనది ఏదన్నా ఉందంటే అది కాలవగట్టే. అలాంటి చోట పుట్టిన హేమ కొండల మీద సైకిలు పందేలకి వెళ్తానంటే జనం నవ్వక ఏం చేస్తారు? "ఏ కొండెక్కుతావే, ఉప్పు కుప్పా?" అని అడిగారు. హేమ మాత్రం సముద్రం మీంచి కొట్టే ఎదురుగాలిలో, గేర్లు లేని పాత సైకిలు మీద రోజూ గట్టు వెంట తొక్కేది. ఆ గాలికి ఎదురు తొక్కినవాళ్ళకి కొండ ఒక లెక్కా అనుకునేది. ఎక్కడం వరకూ అది నిజమే. దిగడం మాత్రం గాలి నేర్పదు. బందరులో పిల్లలకి సైక్లింగ్ చెప్పే మరియదాసు సార్ ఆదివారాలు కొండపల్లి తీసుకెళ్ళి ఆ విద్య కూడా నేర్పారు.

ఈసారి పందెం మామూలుది కాదు. పద్దెనిమిదేళ్ళ లోపు అమ్మాయిల్లో మొదటి ఇద్దరిని రాష్ట్ర జట్టుకి తీసుకుంటారు. జట్టులో ఉంటే విజయవాడ కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు, హాస్టలు. లేకపోతే తల్లి పోలేరమ్మ పక్కన నిలబడి, రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి తలలు తుంచడమే. పోలేరమ్మ వేళ్ళు ఎప్పుడూ నాని, తెల్లగా పాలిపోయి ఉంటాయి. అన్నం కలుపుకునేటప్పుడు కూరలో కారం తగిలితే మొహం పక్కకి తిప్పుకుంటుంది. హేమకి ఆ వేళ్ళంటే భయం. ఆ మాట కన్నతల్లితో ఎలా చెబుతుంది? వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. ఇంకో అవకాశం లేదు.

మరియదాసు సార్ ఎవరెవరిని బతిమాలారో గానీ, పందెం దగ్గరపడుతుండగా విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక కొట్టు నుంచి కొత్త సైకిలు తెప్పించారు. పాతదానికి రబ్బరు ముక్కలు చక్రం అంచుని పట్టుకుని ఆపేవి. దీనికి చక్రం మధ్యలో పల్చటి ఇనప పళ్ళెం, దాన్ని రెండు వైపులా బిగించి పట్టుకునే బ్రేకులు. ఒక్క వేలితో నొక్కితే చాలు, సైకిలు నిలబడిపోయేది. హేమకి ఆ బ్రేకులు చూస్తే దేవుడు ప్రత్యక్షమైనంత ధైర్యం వచ్చింది.

పందేనికి తండ్రి ఎల్లారావు కూడా వచ్చాడు. ఆయన పడవ మనిషి. జీవితంలో ఆయనకి ఒకే ఒక శత్రువు ఉంది, తుప్పు. లంగరు, ఇంజను, కత్తిపీట, తలుపు గొళ్ళెం, ఏ ఇనుము కనిపించినా ఉప్పుగాలి తినేస్తుందని ఆముదం పట్టిస్తాడు. ఇక కొత్త పడవ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇనుముకి ఆముదం పెట్టనిదే నీళ్ళలో దించనివ్వడు. అందుకే ఇంటి దగ్గర్నుంచి చిన్న సీసా, పాత పంచె ముక్క సంచిలో పెట్టుకుని మరీ వచ్చాడు.

ఆ పొద్దున కొండపల్లిలో సన్నగా జల్లు పడింది. హేమ సైకిలుని చెట్టుకి ఆనించి, చొక్కాకి నంబరు కట్టించుకోడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సైకిలు తళతళలాడుతోంది.

"తడిసింది కదమ్మా, తుడిచేశాను" అన్నాడు ఎల్లారావు, మురిసిపోతూ.

హేమ కూడా నవ్వింది. పంచె ముక్కలో ఏముందో చూసుకోలేదు.

మూడు చుట్లు పందెం. ఒక్కో చుట్టుకీ ఒకసారి కొండెక్కాలి, రాళ్ళ దారిలో అటువైపు దిగాలి. మొదలే ఎత్తు కాబట్టి బ్రేకుతో పనిపడలేదు. కొండ మీదికి చేరేసరికి హేమకన్నా ముందు ఒక్క అమ్మాయే ఉంది. దిగుడు మొదలైంది. బ్రేకు నొక్కింది. గేదె పొలికేక పెట్టినట్టు అరిచింది గానీ సైకిలు ఆగలేదు. రెండు చేతులా బిగించి నొక్కింది. ఆగలేదు. మలుపులో దారి అటు పోయింది, హేమ ఇటు పోయింది. తుప్పల్లో పడి లేచేసరికి మోచెయ్యి చెక్కుకుపోయింది, నలుగురు దాటిపోయారు. వేడెక్కిన పళ్ళెం దగ్గర్నుంచి మాడిన వాసన వచ్చింది. ఆ వాసన ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలుసు. అది నాన్న చేతుల వాసన.

ఒళ్ళంతా మండిపోయింది. ఎందుకు ముట్టుకున్నావు? నిన్నెవరు రాయమన్నారు? కింద దాకా సైకిలు పట్టుకుని పరిగెడుతూ అవే మాటలు అనుకుంది. కనిపించగానే మొహం మీదే అనేద్దామనుకుంది.

కింద మరియదాసు సార్ మంచినీళ్ళతో నిలబడి ఉన్నారు. పక్కనే ఎల్లారావు. సార్ వంగి చక్రం చూసి, వేలితో తాకి, వాసన చూశారు.

"నూనె! బ్రేకుకి నూనె పెట్టిందెవరు? ఇంక ఇది పట్టదు. ఇప్పుడు కడిగినా లాభం లేదు. హేమా, ఎవరు రాశారిది?"

ఎల్లారావు మొహంలో రంగు పోయింది. నోరు తెరిచాడు. హేమ ఆయన కళ్ళలోకి చూసింది, అందామనుకున్న మాటలన్నీ ఎటు పోయాయో.

"నేనేనండీ సార్. తుప్పు పడుతుందేమోనని."

"బుద్ధుందా? పందెం మానేసి సైకిలు దిగిపో. బ్రేకుల్లేకుండా ఆ రాళ్ళల్లో చచ్చిపోతావు."

"నడిచి దిగుతాను సార్" అని తొక్కేసింది.

రెండో చుట్టులో చెప్పినట్టే చేసింది. ఎక్కేటప్పుడు ఊపిరి పగిలేలా తొక్కి ఇద్దరిని దాటింది. దిగేటప్పుడు సైకిలు పక్కన పరిగెత్తింది. మూడో చుట్టులో ఇంకొకరిని దాటింది. కొండ మీదికి వచ్చేసరికి రెండో స్థానంలో ఉన్న అమ్మాయి కేకేస్తే వినిపించేంత దగ్గర్లో ఉంది. పరిగెడితే ఆ అమ్మాయి అందదు. ఆ సంగతి హేమకి తెలుసు. తల్లి వేళ్ళు కళ్ళ ముందు కదిలాయి. సైకిలెక్కి కూర్చుంది.

పాదం నేలకి ఈడ్చింది. బూటు అరిగి మడమ కాలింది. దేవుళ్ళందరినీ పిలిచింది, గ్రామదేవత పోలేరమ్మనీ, ఊళ్ళో చర్చిలో యేసయ్యనీ కలిపి పిలిచింది. మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. ముందున్న అమ్మాయి వీపు మీద నంబరు స్పష్టంగా కనిపించింది. ఆఖరి మలుపులో చక్రం జారి రాళ్ళ మీదికి పోయింది. మోకాలు చీరుకుపోయినా సైకిలు ఈడ్చుకుంటూ వచ్చి గీత దాటింది. మూడో స్థానం.

మొదటి ఇద్దరి పేర్లు మైకులో చదివారు. హేమ నేల మీద కూర్చుని ఉండగా, పందెం నిర్వాహకుల బల్ల దగ్గర తండ్రి గొంతు వినిపించింది.

"అయ్యా, ఆముదం నేను రాశానండి. మా పిల్లకి తెలీదండి, నా తప్పు కాయండి. ఒక్కసారి మళ్ళీ తొక్కనియ్యండి బాబూ, మీకు పుణ్యముంటాది." తుఫానులో పడవ తిరగబడ్డప్పుడు కూడా ఎవరినీ చెయ్యి చాచి అడగని మనిషి, బల్ల వెనకున్న కుర్రాళ్ళందరికీ వరసగా దణ్ణం పెడుతున్నాడు.

"పెద్దాయనా, పందెం అయిపోయిందండీ" అంది ఆ కుర్రాళ్ళ మధ్య కూర్చున్న ఒకావిడ, మెత్తగానే.

హేమ కుంటుకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చింది. సిగ్గేసింది, కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ జాలేసింది. ఎల్లారావు చెట్టు కింద కూలబడ్డాడు.

"తిట్టు తల్లీ. నా మాట కాదనక ఏదో ఒకటి అను."

"ఆకలేస్తుంది నాన్నా."

చేయడానికి ఒక పని దొరికినందుకు ఆయన లేచి గబగబా రోడ్డు వైపు వెళ్ళాడు. ఆయన కనుమరుగయ్యాక హేమ మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన పొట్లంతో తిరిగొచ్చేసరికి మొహం కడుక్కుని కూర్చుంది. చల్లారిన ఇడ్లీలు ఇద్దరూ తిన్నారు. ఇంటికెళ్ళాక ఆ మాట ఆయన నోటితో చెప్పాల్సి రాకూడదని, చెయ్యి కడుక్కుంటూ తనే ముందు అనేసింది.

"సోమవారం నుంచి అమ్మతో షెడ్డుకి వెళ్తాను నాన్నా."