అరగంటకని బయల్దేరిన మా మేనత్త

మా మేనత్త తెరచాపలు కుడుతుంది. ఆ సంగతి ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు, తర్వాత "ఇంకా తెరచాపలున్నాయా?" అంటారు. ఆ ప్రశ్న ఆమె ముందు మాత్రం అడగకపోవడం ఆరోగ్యానికి మంచిది.

ఆమె దుకాణం బీచ్ వెనక రెండో సందులో ఉంది. దుకాణమంటే ఒక పొడవాటి హాలు. నేలంతా నున్నటి చెక్క పరిచి ఉంటుంది. తెరచాపను పూర్తిగా పరిచి, దాని మీద మోకాళ్లతో పాక్కుంటూ కొలవాలి, కత్తిరించాలి. కుట్టుమిషన్ నేలలో తవ్విన గుంటలో ఉంటుంది. మిషన్ బల్ల నేలకు సమంగా ఉంటేనే అంత బరువైన గుడ్డ జారుతూ సూది కిందికి వస్తుంది. అత్త ఆ గుంటలో కూర్చుంటే వచ్చేవాళ్లకు తలా భుజాలూ మాత్రమే కనిపిస్తాయి. నేలలోంచి మొలిచినట్టుండే ఆ తల ఎప్పుడూ ఎవరో ఒకరిని తిడుతూనే ఉంటుంది.

తిట్టక ఏం చేస్తుంది? సెలవులు మొదలైతే బీచ్‌లో కాలు పెట్టే చోటుండదు. అక్కడ చోటు దొరకని వాళ్లంతా సందుల్లోకి వస్తారు. ఒకడు టాయిలెట్ ఎక్కడని అడుగుతాడు. ఒకావిడ ఇసుక చెప్పులతో తెల్లటి తెరచాప మీద నిలబడి ఫొటో తీయించుకుంటుంది.

"దిగమ్మా, దిగు! నీ ఫొటో కోసం నేను మూడు రోజులు నడుం విరగ్గొట్టుకోలేదు. చెప్పులు! చెప్పులంటుంటే వినపడదా?"

మా తాత దగ్గర పదహారో ఏట పని నేర్చుకుని, నలభై రెండేళ్లుగా అదే గుంటలో కూర్చుంది. మొదట్లో దీవుల నుంచి పడవలవాళ్లు చాపలు భుజాన వేసుకుని వచ్చేవాళ్లు. తర్వాత పడవలకు మోటార్లు వచ్చాయి, ఆ రాకపోకలు తగ్గాయి. ఆ పైన పదేళ్లపాటు ఆమె ఎక్కువగా కుట్టింది బీచ్ గొడుగుల చారల గుడ్డలే. "గొడుగు కుట్టి ఏం లాభమే? పాతిన చోటే ఉంటుంది. ఎక్కడికైనా పోతుందా, వస్తుందా?" అని విసుక్కునేది. అయినా కుట్టేది. ఒప్పుకున్న తేదీకి ఒక్క రోజు దాటేది కాదు.

ఇంతా చేసి, సముద్రానికి రెండు సందుల దూరంలో బతికిన ఈ మనిషి సముద్రంలో కాలు పెట్టి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. వయసులో ఉన్నప్పుడు పని తెమిలేది కాదు. తీరిక చిక్కే నాటికి ఒడ్డు జనంతో నిండిపోయింది.

ఆమె తమ్ముడు మా నాన్న. ఆయనకో పాత తెరచాప పడవ ఉంది. ఆయన్ని ఏం అడిగినా "చూద్దాం" అంటాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయి నచ్చిందా అని అడిగితే కూడా అదే మాట అన్నాడట. మా అమ్మ ఇప్పటికీ ఆ విషయం వదల్లేదు. రేవులో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, చూద్దాంగారనే పిలుస్తారు.

ఒక ఏడు సెలవులు మొదలైన వారానికి నాన్న దుకాణానికొచ్చి, అత్త కుట్టిచ్చిన కొత్త చాప పైభాగంలో ముడతలు పడుతోందన్నాడు. ఆ సమయానికి నేను గొడుగు గుడ్డలు మడతపెడుతున్నాను.

అత్త గుంటలోంచి లేచింది. "నా చాపకా? ముడతలా?"

"నీ కుట్టు బాగానే ఉందక్కా. కానీ పడుతోంది మరి."

"నీకు కట్టడం రాక పడుతోంది. పద, చూపిస్తా." నా వైపు తిరిగి, "నువ్వూ రా, సాక్షిగా. లేకపోతే వీడు రేపు మాట మార్చేస్తాడు," అంది. తలుపుకు తాళం వేస్తూ పక్క కొట్టు ఆయనతో, "అరగంటలో వస్తా," అని చెప్పింది. నడుముకు కట్టుకున్న పని గుడ్డ కూడా విప్పలేదు. దాని జేబులో సూదులు, మైనం పూసిన దారం, అరచేతికి వేసుకునే తోలు పట్టా ఉన్నాయి.

పడవ ఎక్కి, రేవు దాటి, నాన్న చాప ఎత్తగానే తప్పు దొరికిపోయింది. చాప పై మూలలో రెండు రింగులుంటే నాన్న తాడును కింది రింగులో దూర్చాడు. అత్త దాన్ని విప్పించి పై రింగులో కట్టించింది. చాప గాలికి నిండుగా ఉబ్బింది. ఎక్కడా మడత లేదు.

"చూశావా? చూశావే నువ్వు? ఇక పద, వెనక్కి తిప్పు."

అక్కడే చిక్కొచ్చి పడింది. గాలి ఒడ్డు మీంచి సముద్రం వైపు వీస్తోంది. వెళ్లేటప్పుడు అది హాయిగా తోసింది. వచ్చేటప్పుడు తెరచాప పడవ ఆ గాలికి ఎదురుగా తిన్నగా పోలేదు, అటు కొంత ఇటు కొంత వంకరగా పోతూ రావాలి. రేవు ముఖద్వారం దగ్గర వంకరగా పోవడానికి చోటేదీ? నీళ్ల స్కూటర్లు, అరటిపండు ఆకారం గాలి బోట్లు, వాటి చుట్టూ ఈతగాళ్లు.

"మోటారు వెయ్యరా," అంది అత్త.

నాన్న మోటారు వైపు చూశాడు, తర్వాత ఆకాశం వైపు. "దాన్ని బాగుచేయించాలక్కా. పోయిన నెల నుంచి అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా? మోటారు లేకుండానా నన్ను సముద్రం మీదికి తీసుకొచ్చావు?"

"నువ్వే కదా పద పద అన్నావు."

నాన్న నింపాదిగా చుక్కాని తిప్పి, పక్క దీవిలో కాసేపు ఆగుదామన్నాడు, గాలి తిరగ్గానే వెళ్లిపోవచ్చన్నాడు. అత్త అరిచి గొంతు పోగొట్టుకుంది. చివరికి గాలి వినదు, తమ్ముడు వినడు అని అర్థమై, మాకు వీపు పెట్టి కూర్చుంది.

మొదటి దీవిలో పది ఇళ్లుంటాయి. దిగగానే అత్త ఆగిపోయింది. ఎదురుగా ఒక కోళ్లగూడు, దానికి కప్పుగా పాత తెరచాప. ఆమె దగ్గరికెళ్లి అంచు తిరగేసి చూసింది. మూల దగ్గర మూడు వరసల ఎర్ర దారం కుట్టు. అది మా తాత నేర్పిన కుట్టు, అత్త తప్ప ఇంకెవరూ వేయరు.

"ఎవరిదీ గూడు?" అని కేకేసింది. ఒక ముసలాయన బయటికొచ్చాడు. "నేను పది రోజులు కూర్చుని కుట్టిన చాపని కోళ్లకి కప్పుతారా? సిగ్గుందా మీకు?"

ఆయన అత్తనూ ఆమె నడుముకున్న గుడ్డనూ చూసి గుర్తుపట్టాడు. "నువ్వా అమ్మా? ఇది పంతొమ్మిదేళ్లు సముద్రం మీదే ఉంది. తుపానుకి పడవ ముక్కలైపోయింది, చాప మాత్రం మిగిలింది. దాన్ని పట్టుకునే నేనూ నా తమ్ముడూ తేలాం. పారేయడానికి చేతులు రాలేదమ్మా."

అత్త ఆ గుడ్డ అంచును వేళ్ల మధ్య నలుపుతూ నిలబడింది. తర్వాత, "ఈ మూల చిరుగుతోంది, చూసుకోనక్కర్లేదా?" అని విసుక్కుని, జేబులోంచి సూది తీసి, కోళ్ల మధ్య కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆయన ఇంట్లోనే పడుకున్నాం.

పొద్దున గాలి తిరిగిందని నాన్న ఉత్సాహంగా బయల్దేరదీశాడు. సగం దూరం వెళ్లాక గాలే పడిపోయింది. చాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది. ప్రవాహం మమ్మల్ని మెల్లగా తీసుకెళ్లి ఇంకో దీవికి చేర్చింది. అక్కడ మనిషన్నవాడు లేడు. తెల్లటి ఇసుక, అడుగున రాళ్లు కూడా కనిపించే నీళ్లు. మా ఊరికొచ్చే జనం ఏ బొమ్మలు చూసి వస్తారో, అచ్చం అలా ఉంది.

"చూడక్కా, ఎంత బాగుందో!" అన్నాడు నాన్న.

"ఏం బాగు? నీడ లేదు, కూర్చోడానికి బల్ల లేదు, తాగడానికి మంచినీళ్లు లేవు. శుక్రవారానికి నలభై గొడుగులివ్వాలి నేను. ఇక్కడ కూర్చుని ఇసుక లెక్కపెట్టనా?"

నాన్న చాప నీడలో నిద్రపోయాడు. నేను గవ్వలు ఏరుతున్నాను. అత్త ఒడ్డున పచార్లు చేస్తూ చాలాసేపు తనలో తనే గొణుక్కుంది. నేను తలెత్తి చూసేసరికి ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలో నడుస్తోంది. మోకాళ్ల దాకా, నడుం దాకా. అక్కడ ఆగి, మెల్లగా కూర్చుంది. మెడ వరకూ నీళ్లు. దుకాణంలో గుంటలో ఉన్నట్టే, తలా భుజాలూ మాత్రం పైన.

"అత్తా, బాగుందా?"

"చల్లగా ఉంది. ఉప్పు కళ్లలో పడింది. కాలికింద ఏదో కదులుతోంది." కొంచెం ఆగి, "మీ నాన్నని లేపావంటే చంపేస్తా," అంది.

రెండు గంటలు అలాగే ఉంది. రమ్మంటే రాలేదు.

మూడో దీవి కాస్త పెద్దది. సాయంత్రం గాలి లేచి అటే తోసింది. అక్కడ రేవుంది, పడవలు చేసే షెడ్డుంది, ఫోనుకు సిగ్నల్ కూడా ఉంది. సిగ్నల్ రాగానే అత్త ఫోను మోగింది. గొడుగుల కాంట్రాక్టరు. అతని అరుపులు నాకు కూడా వినిపించాయి.

"నేనేం చెయ్యను బాబూ? గాలి రావట్లేదు... కాదు, ఫ్యాను గాలి కాదు!" అని అరిచి పెట్టేసింది. తర్వాత నాన్నని ఎన్ని తిట్టిందో ఆ రేవులో వాళ్లందరూ విన్నారు. వినడం వల్ల ఒక మేలు జరిగింది. తెరచాపలు కుట్టే ఆవిడ వచ్చిందని ఊరంతా తెలిసిపోయింది.

మరునాడు పొద్దున్నే షెడ్డు ముందు జనం. కొందరి చేతుల్లో చిరిగిన చాపలు, కొందరి చేతుల్లో టార్పాలిన్లు. మోటారుకు నూనె తెచ్చుకోవడం కష్టమైన దీవి అది. ఇరవై పడవలు ఇంకా గాలి మీదే నడుస్తున్నాయి. చిరుగులకు ఎవరికి తోచినట్టు వాళ్లు అతుకులు వేసుకున్నారు. ఒకటి చేపల వల దారంతో, ఒకటి జిగురుతో, ఒకటి ఏకంగా మేకులతో.

"మేకులా? గుడ్డకి మేకులా?" అత్తకు కోపం నెత్తికెక్కింది. "ఇన్నాళ్లు మీరు మునిగిపోకపోవడమే వింత. పట్టండి ఆ చివర. గట్టిగా పట్టండి, దుప్పటి దులుపుతున్నారా?"

షెడ్డు యజమానురాలు, పడవలు చేసే పెద్దావిడ, నేల ఊడ్పించి చోటిచ్చింది, తను చేస్తున్న కొత్త పడవకి చాప కుట్టిపెట్టమని కూడా అడిగింది. రెండు రోజులు అత్త పొద్దున్నించి చీకటి పడేదాకా కుట్టింది. తిడుతూనే కుట్టింది. ఎవరూ నొచ్చుకోలేదు. మధ్యలో గాలి బాగా తిరిగింది, నాన్న వచ్చి చెప్పాడు కూడా.

"కనపడట్లేదా, పనిలో ఉన్నా! సగం కుట్టి వదిలేసి రమ్మంటావా?" అని ఆయన మీదే విరుచుకుపడింది. నాన్న నా వైపు చూశాడు. నేను వేరే వైపు చూశాను.

ఐదో రోజు తెల్లవారుతూనే, జనం నీళ్లలోకి దిగకముందే, మా రేవులోకి జారుకున్నాం. దుకాణం తలుపుకు కాంట్రాక్టరు చీటీ అంటించి వెళ్లాడు. గొడుగులు ఫ్యాక్టరీవాళ్లకు ఇచ్చేశాడట, ఇకపై కూడా వాళ్లకేనట.

అత్త ఆ రోజంతా ఎవరినీ తిట్టలేదు. పదేళ్లుగా ఒక్క తేదీ తప్పని మనిషి ఆమె. ఒక్కసారి తప్పినందుకు అతను ఒక్క రోజైనా ఆగలేదని ఆమె బాధ. మర్నాడు చారల గుడ్డ కట్టలన్నీ హాల్లోంచి తీయించి వెనక గదిలో వేయించింది. పడవలు చేసే ఆవిడకు ఫోను చేసి, "ఆ కొత్త పడవకి కొలతలు సరిగా తీయలేదు మీవాళ్లు. నేనే వచ్చి తీసుకుంటా," అంది.

అప్పట్నుంచి ఇది మూడో ఏడు. బీచ్‌లో జనం నిండగానే అత్త చేత్తో తిప్పే చిన్న మిషన్ ఒకటి పడవెక్కిస్తుంది. ఏ దీవిలో ఎన్ని రోజులో కాగితం మీద రాసి నాన్నకిస్తుంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాడు. గాలి ఆ కాగితం ఎన్నడూ చదవలేదు. ముందు ఒక దీవనుకుంటే ఇంకోటి వస్తుంది, వారమనుకుంటే నెలవుతుంది. ప్రతిసారీ ఆమెకు అంతే కోపం వస్తుంది, అంతే గట్టిగా అరుస్తుంది. ఊళ్లో మిగిలిన పని మాత్రం నా నెత్తిన పడింది. గుంటలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను.

నిన్న మధ్యాహ్నం ఫోను చేసింది. వెనక గాలి హోరు, కోళ్ల అరుపులు.

"ఏమే, దారం అయిపోయింది. లావుది నాలుగు ఉండలు పంపించు. త్వరగా. ఇక్కడ ముగ్గురు నా నెత్తిమీద కూర్చున్నారు."

"పంపిస్తానత్తా. ఇప్పుడు ఏ దీవిలో ఉన్నారు?"

"నన్నడిగితే నాకేం తెలుసే? మీ నాన్ననడుగు!" అని ఫోను ఆయన చేతికిచ్చింది.