వేయించుకోని రెండో సూది

స్కూలు గేటు దాటి ఇంకా చెరుకురసం బండి దాకా కూడా రాలేదు, ఫోనుకి మెసేజి వచ్చింది. రెండో డోసు విజయవంతంగా పూర్తయినందుకు అభినందనలు, సర్టిఫికెట్ సిద్ధంగా ఉంది అని. రోడ్డు పక్కన నిలబడి రెండుసార్లు చదివాను. చీర చెంగు తీసి భుజం చూసుకున్నాను కూడా. చూసుకోవలసిన పని లేదు. సూది వేయించుకోకుండానే బయటికి వచ్చేశానని నాకు తెలుసు కదా.

కరోనా వచ్చిన రెండో ఏడాది అది. మా పాపకి ఏడో నెల నడుస్తోంది. అనకాపల్లిలో మేం అద్దెకుండే మేడమీద పోర్షను నుంచి ఆ స్కూలు పది నిమిషాల నడక. టీకాలు వేసే రోజున అక్కడ రెండు చోట్ల ఆగాలి. వరండాలో బల్ల దగ్గర ఒక అమ్మాయి ఆధార్, ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్లో ఎక్కిస్తుంది. తర్వాత లోపలి గదిలో నర్సు సూది వేస్తుంది. ఆ రోజు జనం ఎక్కువగా ఉన్నారని ముందే అందరి వివరాలూ ఎక్కించేసి, వరసలో నిలబెట్టారు. నావీ ఎక్కించేశారు. నా ముందు ఇంకో పదిమంది ఉన్నారు.

నా వెనకాల ఉన్నావిడ నా జాకెట్టు మీద పాల మరక చూసినట్టుంది.

"పసిగుంటేటమ్మా? పాలిత్తన్నావా?"

"అవునండీ."

"మా సెల్లికి రెండోది ఏసేక పాలు ఇంకిపోయేయి. మరి నీకెలాగుంటాదో."

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. ఒంట్లో రోగనిరోధక శక్తి ఎలా తయారవుతుందో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చని పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను కూడా. కానీ మొదటి డోసు తర్వాత రెండు రోజులు నాకు జ్వరం కాసింది. ఆ రెండు రోజులూ పాప రొమ్ము పట్టుకుని, వదిలేసి, ఏడ్చింది. అది జ్వరం వల్లనా, నేను సరిగ్గా తినకపోవడం వల్లనా, టీకా వల్లనా, నాకు తెలియదు. వరసలో ఇంకో నలుగురు ముందుకి జరిగారు. నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నదానిలా పక్కకి వచ్చి, అలాగే గేటు దాటేశాను.

ఇంటికి వచ్చేసరికి మావారు పాపని భుజం మీద వేసుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. ఆ రోజు ఆయనకి వారపు సెలవు.

"అయిపోయిందా?" అన్నారు.

"మెసేజి వచ్చింది," అన్నాను.

అబద్ధం చెప్పలేదు. కానీ నిజం కూడా చెప్పలేదు. సాయంత్రానికి ఆయన నా సర్టిఫికెట్ జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి తెచ్చారు. తనదీ నాదీ రెండూ పర్సులో పెట్టుకున్నారు. వాళ్ళ కంపెనీ గేటు దగ్గర ఆ కార్డు చూపించందే లోపలికి పంపడం లేదు. "ఇంటిల్లిపాదికీ ఉందా అని కూడా అడుగుతున్నారు," అన్నారు. ఒక పని తీరిపోయినట్టుంది ఆయన మొహం. నా చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగారు. కొంచెం అన్నాను. అది మాత్రం అబద్ధమే.

ఆ వారంలోనే పాపకి అన్నప్రాశన పెట్టుకున్నాం. పెద్ద హంగు ఏమీ లేదు, ఇంట్లోవాళ్ళం అంతే. అయినా నాకు గుబులుగా ఉండేది. కరోనా మూడోసారి వస్తే పిల్లలకే వస్తుందట అని అందరూ అనేవారు. ఎవరన్నారు, ఎందుకన్నారు అని అడిగితే ఎవరికీ తెలిసేది కాదు. రెండు డోసులూ వేయించుకున్నవాళ్ళే పాపని ఎత్తుకోవాలని నేను మావారికి చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మా అమ్మ వేయించుకోలేదు," అన్నారాయన.

తెలుసు. మా అత్తయ్య నాతవరం వైపు పల్లెలో ఉంటుంది. చెరుకు, వరి, రెండు గేదెలు. మావయ్య టీకా వేయించుకున్నారు, పింఛను ఆపేస్తారని ఎవరో అన్నారని. అత్తయ్య మాత్రం నర్సులు ఊళ్ళోకి వస్తున్నారంటే కొడవలి పట్టుకుని గడ్డికి వెళ్ళిపోయేది. వాళ్ళ వీధిలో ఒకాయన టీకా వేయించుకున్న నాలుగో రోజున పోయాడు. ఆయనకి ముందునుంచీ గుండె జబ్బు ఉందని మావారు ఎన్నోసార్లు చెప్పారు. "గుండి జబ్బుతో పదేళ్ళు బతికేడు కదరా," అనేది ఆవిడ.

మావారు స్పీకర్ పెట్టి మావయ్య ఫోనుకి చేశారు. విషయం చెప్పారు. అవతల గేదె అరిచింది.

"నా మనవరాల్ని నానెత్తుకోడానికి కాయితం కావాలేటి?"

"కాయితం కాదమ్మా, సూది. ఒక్క సూదికి ఇంత రభసేటి?"

"మా గేదిలికి గాలికుంటు సూదేసి, సెవికి పసుప్పచ్చ బిళ్ళ తగిలించేరు. బిళ్ళ నేకపోతే సంతలో కొనరంట. ఇప్పుడు నాకూ తగిలిత్తావా? ఏ సెవికి?"

మావారు నవ్వేశారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆవిడ నవ్వకుండా అంది, "నా ఒళ్ళు నాది కాదా బాబూ?"

ఆ మాట నన్ను పట్టుకుంది. ఒళ్ళు ఆవిడదే. నా ఒళ్ళు నాది కాబట్టే నేను వరసలోంచి బయటికి వచ్చేశాను. మరి పాప ఒళ్ళు ఎవరిది? దాని తరఫున అడిగే హక్కు నాకుందనుకున్నాను. కానీ అడగడానికి నా దగ్గర ఉన్నది లామినేషన్ చేసిన ఒక అబద్ధం. ఎటు ఆలోచించినా రెండు అడుగులు వేసేసరికి దారి మూసుకుపోయేది.

అన్నప్రాశనకి రెండు రోజుల ముందు, సాయంత్రం పూట, అత్తయ్య వచ్చింది. అనకాపల్లిలోనే ఉన్న వాళ్ళ చెల్లెలి ఇంట్లో దిగి, అక్కడినుంచి నడిచి వచ్చింది. కొత్త బియ్యం, ఒక చిన్న బెల్లం దిమ్మ తెచ్చింది. నేను పైనుంచి చూస్తుండగానే కింద కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, కింది మెట్టు మీద కూర్చుంది. పైకి రాలేదు. మావారు డ్యూటీలో ఉన్నారు. పాప నిద్రపోతోంది.

"పైకి రండి అత్తయ్యా," అన్నాను, పై మెట్టు మీదనుంచే.

"ఒల్లనమ్మీ. నువ్వొద్దన్నావు, నాను రాను. ఈ బియ్యం పట్టికెల్లు."

ఎత్తిపొడుపు అనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు. నాలుగు మెట్లు దిగి కూర్చున్నాను.

"నువ్వడిగిందాన్లో తప్పు నేదు," అంది. "పురిట్లో నానెవుల్నైనా రానిచ్చేనేటి? ఎక్కణ్ణుంచి వత్తన్నావు, సావింటికెల్లేవా, జొరవేటైనా ఉందా, అన్నీ అడిగే కదా గుమ్మం దాటనిచ్చేను. మీ నాన్ననే గంటసేపు నిలబెట్టేసేను."

నిజమే. మా అమ్మ లేదు కాబట్టి నా పురుడు అత్తయ్యే పోసింది. ఊళ్ళో అంబులెన్సులు అరుస్తున్న ఆ వేసవిలో ఇరవయ్యొక్క రోజులు గుమ్మానికి వేపమండ కట్టి, అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. మా నాన్న మనవరాల్ని చూడటానికి వస్తే, ఎండలో నిలబెట్టి కాళ్ళు కడిగించి, వరసగా ప్రశ్నలు అడిగింది. ఆయన అన్నిటికీ జవాబు చెప్పి, దూరంనుంచే చూసి వెళ్ళిపోయారు. అప్పుడు నేను ఆవిడ మీద ఎంత కోపం తెచ్చుకున్నానో గుర్తొచ్చింది.

"నాకు భయం. అంతేనమ్మీ," అంది అత్తయ్య. "టీవీలోవోల్లు సెప్తే నమ్మను. నర్సమ్మ సెప్తే నమ్మను, అది దాని ఉజ్జోగం. నువ్వు సెప్పు. పాలిచ్చే దానివి కదా, నువ్వు రెండూ ఏయించుకున్నావు. రెండోది ఏసినప్పుడు ఎలాగయ్యింది? గుంటకేటీ కాలేదా? నీకేటీ కాలేదంటే రేపే ఎల్లి ఏయించుకుంటాను."

ఏమీ కాలేదు అంటే చాలు. రేపే వెళ్ళి వేయించుకుంటుంది. ఆవిడకి మంచిది, పాపకి మంచిది. కానీ ఆవిడకి ఏమైనా అయితే? నేను పడలేని భయంలోకి నా మాట మీద ఆవిడని తోసినట్టు కాదా? పోనీ నిజం చెబితే ఇంక ఆవిడ జన్మలో వేయించుకోదు. రెండూ తప్పే అనిపించింది. రెండూ ఒప్పే అని కూడా అనిపించింది.

"నేను రెండోది వేయించుకోలేదు అత్తయ్యా," అన్నాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "వరసలోంచి వచ్చేశాను. మెసేజి దానంతట అదే వచ్చేసింది."

ఆవిడ నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను.

"మరైతే నువ్వు పైనెందుకున్నావే? దిగు కిందికి," అంది. పక్కన మెట్టు మీద చెయ్యి వేసి చూపించింది. "నీకూ ఎత్తుకునే యోగ్యత నేదు. ఇక్కడ కూకో నా పక్కన."

దిగి కూర్చున్నాను. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది. నాకు మాత్రం ఏడుపు వచ్చింది.

"సదూకున్నదానివి, నీకే భయవేసిందా?" అంది, ఈసారి మెల్లగా. "నాకొక్కదానికే అనుకున్నాను."

ఆవిడ మొహంలో ఏదో తేలికపడింది. అలా అవుతుందని నేను అసలు అనుకోలేదు. లేస్తూ, "పద, రేపు ఇద్దరం ఎల్దాం. నువ్వు నా సెయ్యి పట్టుకో, నాను నీ సెయ్యి పట్టుకుంటాను," అంది.

మర్నాడు వెళ్ళాం. కింద ఇంటి ఓనరుగారి అమ్మాయికి పాపని అప్పగించాను. అత్తయ్యకి ఫోను లేదు కాబట్టి నా నంబరే ఇచ్చాం. బల్ల దగ్గరి అమ్మాయి అత్తయ్య వివరాలు ఎక్కించింది. తర్వాత నావి చూసి తల అడ్డంగా ఊపింది.

"మీకు రెండూ అయిపోయాయి మేడమ్."

"అవలేదమ్మా. మెసేజి వచ్చింది గాని, వేయించుకోలేదు."

"వేయించుకోకుండా ఎలా వస్తుందండీ? ఈ కంప్యూటరు తీసుకోదు. నేను కొట్టినా తీసుకోదు."

వెనకనుంచి ఎవరో మగమనిషి, "ఫ్రీ అని మూడోది కూడా కావాలంటేటండీ ఈవిడికి?" అన్నాడు. అందరూ నవ్వారు. అత్తయ్య వెనక్కి తిరిగి, "నీకు రెండో సెయ్యి ఖాళీగుందేటి బాబూ, నీకే ఏయిత్తాను!" అంది. ఇంకా గట్టిగా నవ్వారు. నేను మళ్ళీ అడిగాను. పెద్దాసుపత్రికి వెళ్ళి కాగితం రాసి ఇమ్మంది ఆ అమ్మాయి. ఏమని రాయాలి? నేను పారిపోయానని రాయాలా?

గదిలో సూది వేసేటప్పుడు అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకుని పళ్ళు బిగించింది. నొప్పి ఆవిడది, కాగితం నాది. బయటికి వచ్చాక, "సీమ కుట్టినట్టుంది. దీనికేనా గడ్డిలోకి పారిపోయేను?" అంది.

ఆ సాయంత్రం మావారికి అంతా చెప్పేశాను. ఆయన పర్సులోంచి నా కార్డు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ పర్సులోనే పెట్టుకున్నారు.

"గేటు దగ్గర అడిగితే ఏం చూపించాలి మరి?" అన్నారు.

అన్నప్రాశన రోజు పొద్దున్న అత్తయ్య వచ్చి మళ్ళీ కింది మెట్టు మీదే కూర్చుంది. కొంగు తలకి చుట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాతిరి జొరం తగిలింది. ఇయాల గుంటని ముట్టుకోను. మీరు కానిచ్చీండి, నానిక్కణ్ణుంచి సూత్తాను," అంది.

పైన పీట వేసి ఉంది. ఆవిడ తెచ్చిన బియ్యంతో, ఆవిడ తెచ్చిన బెల్లంతో చేసిన పాయసం వెండిగిన్నెలో ఉంది. నేను పెట్టిన నియమం ప్రకారం ఆవిడకి ఇంకా ఒక డోసు తక్కువ. ఆవిడ పెట్టుకున్న నియమం ప్రకారం జ్వరం ఉన్న మనిషి పసిబిడ్డని తాకకూడదు. ఏ లెక్కన చూసినా ఆవిడ కిందే ఉండాలి. నా లెక్కన చూస్తే నేనూ కిందే ఉండాలి. కానీ గిన్నె నా చేతిలో ఉంది. ఇన్నాళ్ళుగా తిరుగుతున్న తలలో ఒక్క సంగతి మాత్రం కదలకుండా నిలబడింది: టీకా జ్వరం ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. అది నేను చదువుకున్నాను. దాంట్లో నాకు అనుమానం లేదు. మిగిలినవన్నీ అనుమానాలే.

పాపని ఒక చేత్తో, గిన్నె ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. వెనకాల మావారు, "జాగ్రత్త, జారుతావు," అంటున్నారు.

"ఓలమ్మ, దగ్గరికి తేకు," అంది అత్తయ్య, మెట్టు మీద వెనక్కి జరుగుతూ.

"ఈ జ్వరం అంటుకోదు అత్తయ్యా."

"నీకు తెలుసా? ఆ బిళ్ళ మీద రాసుందేటి?"

"బిళ్ళ మీద లేదు. నాకు తెలుసు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. కాళ్ళు కూడా మళ్ళీ కడుక్కుంది. కొంగు ముక్కు మీదికి లాక్కుని కట్టుకుంది. వచ్చి కూర్చుని ఒడి చాపింది. సూది వేసిన ఎడమచెయ్యి సరిగ్గా లేవక, పాపని ఒళ్ళోనే కూర్చోబెట్టుకుంది.

మొదటి ముద్ద ఆవిడే పెట్టింది. పాప ఉమ్మేసింది. రెండోది మింగింది.