ఫైల్ తెరిస్తే పొడుపుకథలు యాడికి పోయినాయి?

అడిగిన పిల్లలను చూసి నవ్వే అయ్యవార్లంటే నాకు చిన్నప్పటి నుంచీ మంట. మూడో తరగతిలో నన్ను చూసి అట్లే నవ్వితే బడి మానేశాను. ఇప్పటికీ అక్షరాలు కూడబలుక్కునే రాస్తాను. ఈ రోజు ఆ నవ్వు మళ్ళీ మా ఇంటికి వచ్చింది.

మనవరాలు మదనపల్లెలో కంప్యూటర్ చదువుతోంది. వాళ్ళ అవ్వ చెప్పిన పొడుపుకథలన్నీ ఒక ఫైల్‌లో దాచుకుంది. చదువుదామని సి ప్రోగ్రాంలో డబ్ల్యూ అనే అక్షరం పెట్టి తెరిచిందట. అన్నీ చెరిగిపోయాయి. ఎందుకని అడిగితే సారు, "ఇది కూడా తెలీదా?" అని నవ్వాడట. క్లాసంతా నవ్విందట. సాయంత్రం పుంగనూరులో బస్సు దిగి వచ్చి సంచి మూలన పడేసింది.

"నేనింక కాలేజీకి పోను తాతా."

"యాల పోవు? గాదె తలుపు తీస్తే గింజలు మాయమైతాయా? నువ్వడిగింది న్యాయమే గదమ్మా!"

"నాకు బుర్ర లేదంట."

"బుర్ర లేనోళ్ళు అడగరు పాపా."



సి తెలిసినవాళ్ళు ఉంటే, ఆ అక్షరం ఏం చేసిందో, పోయినవి తిరిగి వస్తాయో రావో, నవ్వకుండా ఆదివారం సాయంత్రంలోగా చెప్పండి. సోమవారం పొద్దున దాన్ని బస్సెక్కించాల్సింది నేను.