నాగులచవితి నాటి రక్తపరీక్ష

మా ఇంట్లో మగవాళ్ళు ముసలితనంతో ఎవరినీ ఇబ్బంది పెట్టరు. నాన్న, చిన్నాన్న ఇద్దరూ నలభైల్లోనే గుండె పట్టుకుని కూలిపోయారు. వాళ్ళ వేళ్ళ కణుపుల మీద, మడమల వెనక కాయల్లాంటివి ఉండేవి. నాగలి పట్టిన చేతులు కదా అనేవారు. జన్మలో నాగలి ముట్టకుండా శ్రీకాకుళం కాలేజీలో పాఠాలు చెప్పుకునే నాకూ అవే కాయలు వచ్చాయి. అప్పుడైనా ఎవరికీ అనుమానం రాలేదు. వంశం గుర్తన్నారు.

నా గుండెకు స్టెంటు వేసిన డాక్టరు మాత్రం ముందు నా చేతులు చూశాడు. ఇవి కాయలు కావు, పేరుకున్న కొవ్వు అని జన్యుపరీక్ష చేయించాడు. కణం పైపొర మీద ఉండి రక్తంలోని కొవ్వును లోపలికి లాక్కునే ప్రొటీన్ ఒకటుంది. అది కణం లోపలే తయారై, సరైన మడతలో ముడుచుకుంటేనే పైకి ప్రయాణం. మాకు నాన్న నుంచి వచ్చిన జన్యువులో ఒక్క అక్షరం తేడా. దాంతో మడత చెడుతుంది. లోపలి తనిఖీ దాన్ని గడప దాటనివ్వదు, చివరికి ముక్కలు చేసి పారేస్తుంది. అమ్మ నుంచి వచ్చిన మంచి జన్యువు ఒంటెద్దులా బండి లాగుతుంది. కొవ్వు మాత్రం రక్తంలో తీరిగ్గా తిరుగుతుంది.

ఇది నా ఒక్కడితో పోయేదయితే మాత్రలు మింగి ఊరుకునేవాణ్ణి. మా అప్ప, అంటే పెద్దక్క, తన కూతుర్ని నా కొడుక్కివ్వాలని ఎప్పుడో అనుకుంది. అప్ప వేళ్ళ మీదా కాయలున్నాయి. పిల్లలిద్దరికీ ఈ జన్యువు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు వైపులా చెడ్డదే వచ్చే అవకాశం నాలుగో వంతు. అలాంటి బిడ్డ గుండెజబ్బుకు నలభై దాకా ఆగనక్కర్లేదు. బడి వయసు చాలు. నా కొడుక్కి ఉందని తేలింది. ఇక మేనకోడలి సంగతి తేలాలి.

కొవ్వు పరీక్షకూ జన్యుపరీక్షకూ కలిపి పరగడుపున రక్తం ఇవ్వాలంటే అప్ప ఎప్పుడూ ఏదో పని చెప్పి తప్పించింది. అందుకని నాగులచవితి నాడు వెళ్ళాను. పుట్టలో పాలు పోసేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఏమీ తినరు. గజపతినగరంలో ల్యాబు అతన్ని బండెక్కించుకుని తెల్లారేసరికి వాళ్ళ గుమ్మంలో దిగాను. దేవుడి ఉపవాసాన్ని కొవ్వు పరీక్షకు వాడుకోవడం భక్తి కిందికే వస్తుందని నా అభిప్రాయం.

అప్ప పుట్టకు పెట్టే నువ్వుల చిమ్మిలి గిన్నెతో బయటికొచ్చింది.

"సంబంధం ఒద్దనుకుంటే ఒద్దని సెప్పరా. రకతంలో వంకలెతకడమేటి?"

"ఒద్దనడానికైతే ఫోను సాలు కదప్పా. సూదోణ్ణి తేనక్కర్లేదు."

"నా పిల్లకి రోగం ముద్దరేస్తే ఇంకెవుడు సేసుకుంతాడు?"

నా చెయ్యి ఆమె చేతి పక్కన పెట్టాను. ఒకే చోట ఒకేలాంటి కాయలు.

"ముద్దర నాన్నే ఏసీసినాడు. నాను సదవడానికొచ్చాను."

మేనకోడలు లోపల్నుంచి వచ్చి, గాజులు పైకి తోసుకుని ల్యాబు అతని ముందు కూర్చుంది.

"ముందు తియ్యమను మావా. పుట్ట కాడికెల్లాల, ఆకలేస్తన్నాది."

అప్ప గిన్నె గట్టు మీద పెట్టి, పిల్ల తర్వాత తనూ చెయ్యి చాపింది.

ఫలితాలొచ్చాయి. పిల్లకీ ఉంది, అప్పకూ ఉంది. పెళ్ళి మాట మానుకుందామని నేనే వెళ్ళి చెప్పాను. పిల్లలు మాకంటే తేలిగ్గా తీసుకున్నారు. అసలు వాళ్ళనెవరూ అడగలేదని అప్పుడు తెలిసింది. మంచి జన్యువు చేత ఇంకాస్త పని చేయించే మాత్రలు అందరికీ మొదలయ్యాయి.

అప్ప కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత ఓ ఉదయం తనే ఫోన్ చేసి, శృంగవరపుకోటలో చిన్నాన్న కొడుకు ఇంటికి వెళ్ళొచ్చానంది.

"ఆడు రకతం ఇవ్వనంతన్నాడు. సూదోణ్ణి తీసుకుని ఆదివారం రా. తిననీకుండా నాను సూసుకుంతాను."