దుమ్ముకు పెట్టిన బిరడాలు

పోయిన నెల మా అల్లుడు కొత్త కారు తీసుకుంటూ, పెద్దవాళ్లు పక్కనుంటే మంచిదని నన్నూ షోరూముకు వెంటబెట్టుకు వెళ్లాడు. పెద్దరికం అంటే ఈ రోజుల్లో ఏసీ కింద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, అడిగినప్పుడు తల ఊపడమే కాబట్టి ఆ పని నేను సమర్థంగానే నిర్వహించాను. చివర్లో అక్కడి ఉద్యోగి కారు పైకప్పులో ఉన్న అద్దం తెరిచి చూపి, దాని నాలుగు మూలల్లోనూ నీళ్లు పోవడానికి సన్నని గొట్టాలు ఉన్నాయనీ, అవి మూసుకుపోతే నీళ్లు లోపలికి దిగుతాయనీ, వాటిని మాత్రం ఎప్పుడూ మూసుకుపోనివ్వకండనీ చెప్పాడు. అల్లుడు విన్నాడో లేదో గానీ నా చేతిలో కాఫీ కప్పు ఉన్నచోటే ఆగిపోయింది. ఈ ముక్క ఇరవై ఏళ్ల కిందట నాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఆ వెంటనే, న్యాయంగా మాట్లాడాలంటే, అప్పుడూ ఒకరు చెప్పారు కదా అని గుర్తొచ్చింది.

అప్పట్లో నేను కళ్యాణదుర్గంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నీళ్లు పల్లానికి పోతాయనీ, పోయే దారి లేకపోతే ఉన్నచోటే నిండుతాయనీ ఏడాదికి రెండు సెక్షన్లకు బోధించి జీతం పుచ్చుకునేవాణ్ణి. మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నాయన నన్ను కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంతలో నుంచి లాగి చదువుకు తోలాడు. అక్కను మాత్రం ఇంకో మగ్గం ఇంటికే ఇచ్చాడు. బావ నేసే పట్టుచీర చూసి ఆడవాళ్లు ధర అడగడం మరిచిపోయేవారు. అడగడం మరిచిపోనివాడు సావుకారు ఒక్కడే. ఏళ్ల తరబడి ఆయనిచ్చిన పట్టు, ఆయన చెప్పిన రంగు, ఆయన చెప్పిన అంచు నేసి ఇవ్వడమే బావ బతుకు.

నా కారు బెంగుళూరులో ఇద్దరి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, వెనక తలుపు పైకి లేచే ఆ చిన్న కారే మనలో చాలామందికి మొదటి కారు. నలుగురు ఎక్కాక ఐదోవాడు క్షమాపణ చెప్పుకుని ఎక్కవలసినంత విశాలమైనది. అమ్మినవాడు, ఎంత వాన పడినా లోపల చుక్క కారదండీ అని ప్రమాణం చేశాడు. మా జిల్లాకు తీసుకుపోతున్నవాడికి ఆ ప్రమాణం ఎందుకో నాకు అర్థం కాలేదు. కారితే అందరం చూసి సంతోషిద్దాం అనుకున్నాను. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లవి. మా వీధికి నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. బిందెల వరస దానికంటే ముందే, తెల్లవారకుండానే వచ్చి కూర్చునేది.

మా కారుకు శత్రువు నీళ్లు కాదు, దుమ్ము. సెలవులకు ధర్మవరం వెళ్లి వచ్చేటప్పుడు బావ నేసిన చీరలు ఒకటీ అరా, తెలిసినవాళ్ల ఇళ్లకని డిక్కీలో వేసుకొచ్చేవాణ్ణి. ఒకసారి బావ కూడా వెంట వచ్చినప్పుడు మూట విప్పితే లోపలి గుడ్డ దాకా ఎర్రటి దుమ్ము దిగి ఉంది.  ఆయన అంచు మీద వేలితో రాసి, ఆ వేలు నాకు చూపించాడంతే. మాటలు పొదుపుగా వాడే మనిషి. చూపుడు వేలుతోనే ఒక పేజీ చదివించగలడు.

ఆ వేలు నన్ను మూడు ఆదివారాలు నిద్రపోనివ్వలేదు. కిటికీలన్నీ బిగించి కంబదూరు వైపు కంకర రోడ్డు మీద పోయి వచ్చి, టార్చి వేసి లోపల వెతికేవాణ్ణి. దుమ్ము చాలా నిజాయితీ గల పదార్థం, తను వచ్చిన దారి తనే గీత గీసి చూపిస్తుంది. తలుపుల అడుగున సన్నని చీలికలు కనిపించాయి. డిక్కీ అడుగున పరిచిన మందపాటి పరుపు కింద, స్టెప్నీ టైరు కూర్చునే గుంతలో, రూపాయి బిళ్లంత కన్నం కనిపించింది. కారు చేసినవాడు మరిచిపోయి వదిలేశాడని నిర్ధారించుకున్నాను. ప్లంబర్లు పైపులకు పెట్టే ముద్ద తెచ్చి తలుపుల చీలికలన్నీ పూడ్చాను. గుంతలోని కన్నానికి సైకిలు ట్యూబు ముక్క చుట్టిన బిరడా చేసి, సుత్తితో కొట్టి దిగ్గొట్టాను. ఇంట్లో కిటికీ రెక్క రెండేళ్లుగా వేలాడుతుంటే కనిపించని దుమ్ము కారులో కనిపించిందా అని నా భార్య అడిగింది. శాస్త్రీయ దృక్పథం ఉన్నవాడు ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడు.

దుమ్ము ఆగిపోయింది. తరవాతిసారి నేను బిరడా గొప్పగా చూపిస్తే, బావ తెల్ల తువ్వాలుతో డిక్కీ అంతా తుడిచి, తువ్వాలు తిప్పి చూసుకుని, దాన్ని భుజాన వేసుకున్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన సర్టిఫికెట్టు లేదు.

ఆ ధైర్యంతోనే నేను పెద్ద పని ఒకటి నెత్తికెత్తుకున్నాను. మా ప్రిన్సిపాలు గారి కూతురి పెళ్లి కుదిరింది. ముహూర్తం చీరా, దాంతోపాటు ఇంకొకటీ బావ చేతనే నేయిద్దామని నేనే వాళ్లింట్లో కూర్చుని ఒప్పించాను. సావుకారు లేకుండా బావ తన పట్టు తను తెచ్చుకుని, తన ఇష్టప్రకారం అంచు కట్టుకుని నేసిన మొదటి చీరలవి. ఆ ఇంట్లో నచ్చితే వాళ్ల బంధువుల ఇళ్లలో ఇంకో మూడు పెళ్లిళ్లు వరసలో ఉన్నాయి. ఇక సావుకారు గడప ఎక్కే పని ఉండదు. నెలల తరబడి బావ గుంతలో దిగితే మళ్లీ చీకటి పడ్డాకే లేచేవాడనీ, పక్కన అక్క కండెలకు దారం చుడుతూనే ఉండేదనీ మేనకోడలు చెప్పింది. గంధం రంగు చీరకు ఎర్రంచు. రెండోది మొత్తం మిరపపండు ఎరుపు.

పెళ్లి ఆదివారం. ఆ ముందరి సోమవారం ఎవరూ పిలవకుండా చిన్న జల్లు పడింది. వీధిలో జనం నవ్వుకుంటూ బయటికి వచ్చి నిలబడ్డారు. మరునాడు కాలేజీకి పోతూ బ్రేకు వేస్తే, తలుపులోనుంచి నీళ్లు కదిలిన చప్పుడు వినిపించింది. బండి ఆపాను, చప్పుడు ఆగింది. బండి కదిపాను, నీళ్ల కడవ ఎత్తుకుని ఎవరో పక్కనే నడిచి వస్తున్నట్టు మళ్లీ వినిపించింది. ఊళ్లో ఏ బావిలోనూ లేని చప్పుడు అది. 

మా ఇంటి ఓనరు రైతు. తన చేలో వరసగా బోర్లు వేయించి, బండరాతి పొడి తప్ప ఏమీ చూడనివాడు. ఆయన వచ్చి తలుపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

“నా చేన్లో ఏడు బోర్లేస్తే తడి తగల్లేదు. నీ కారు తలుపులో పడినాయే సార్ నీళ్లు” అన్నాడు. తరవాత బళ్లారి దిక్కు ఆకాశం చూసి, నవ్వు ఆపేసి, “ఇన్నేండ్లు రాని వాన ఉత్తగా రాదు సార్. పగబట్టినట్టు వస్తాది” అన్నాడు.

బుధవారం మెకానిక్కు సాయిబు దగ్గరికి తీసుకెళ్లాను. నాకంటే పెద్దవాడు, ఇంజను చప్పుడు వింటూ కళ్లు మూసుకుంటే నమాజు చేస్తున్నాడా, ఆలోచిస్తున్నాడా తెలిసేది కాదు. తలుపు అడుగున నేను పెట్టిన ముద్దను స్క్రూడ్రైవరుతో పొడిచాడు. బురదనీళ్లు ఆయన చెప్పుల మీద పడ్డాయి.

“ఎవరు చేసినారన్నా ఈ పని?”

నేనే అని ఒప్పుకున్నాను. ఆయన కాసేపు నన్ను, నా చదువుకు ఇవ్వవలసిన గౌరవాన్ని తూకం వేసినట్టు చూశాడు.

“వానకు నీళ్లు వచ్చే దావలు వెయ్యుంటాయన్నా, రబ్బరంతా ఎండకు అప్పడమైపోయింది, అవి నీతో మూయడం కాదు, నాతో కాదు. నీళ్లు బయటికి పొయ్యే దావనేమో నువ్వు మూసినావు” అన్నాడు.

తలుపుల ముద్దలన్నీ పీకేశాడు. ఇంకా యాడన్నా మూసినావా అని అడిగితే డిక్కీలో బిరడా సంగతి చెప్పాను. దాన్నీ తీసేయమన్నాడు. వెనక లైట్ల చుట్టూ రబ్బరు ఎట్లుండాదో, బయట నాలుగు బిందెలు నీళ్లు పోసి చూస్తే నిమిషంలో తెలిసిపోతుందన్నాడు. మీరు ఆ రోజులు చూసినవాళ్లు, మీకు చెప్పడం తేలిక. నాలుగు బిందెల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునే వీధిలో, ఒక లెక్చరరు కారు మీద నాలుగు బిందెలు కుమ్మరిస్తే ఆ తరవాత అతను ఆ ఊళ్లో పాఠం చెప్పగలడా? పోనీ బిరడా ఒక్కటన్నా తీయించానా అంటే, అదీ లేదు. శుక్రవారం చీరలు తెస్తున్నాను, కంకర రోడ్డు, దుమ్ము. పెళ్లి కాగానే వచ్చి తీయించుకుంటానన్నాను. సాయిబు స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని లోపలికి పోయాడు. ఆయన వాదించి ఉంటే బాగుండేది.

శుక్రవారం మధ్యాహ్నం ధర్మవరం నుంచి బయలుదేరాం. అక్క తెల్లగుడ్డలో చీరలు చుట్టి, దాని మీద ఇంకో గుడ్డ చుట్టి, డిక్కీలో పరుపు మీద తనే పెట్టింది. పెట్టాక ఒకసారి అరచేత్తో నిమిరింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. కంబదూరు చేరకముందే పడమర దిక్కు మొత్తం నల్లబడి, పగలే లైట్లు వేయవలసి వచ్చింది.

ఆ తరవాత వచ్చినదాన్ని వాన అనడానికి మా దగ్గర అలవాటు లేదు. దారికడ్డంగా పారే వంక రోడ్డు మీదికి పొంగింది. చింతచెట్టు కింద బండి ఆపుకుని రెండు గంటలు కూర్చున్నాం. గొర్రెల కాపరి ఒకడు కంబళి తీసి చంకలో పెట్టుకుని, మొహం పైకెత్తి కావాలనే తడుస్తున్నాడు. జిల్లా అంతా ఆ వాన కోసం మొక్కుకున్నది. దాన్ని చూసి భయపడినవాణ్ణి ఆ రోజు నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ముందు సీట్లో మా మీద ఒక్క చుక్క పడలేదు. బావ పైకప్పు తడిమి చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. కాసేపటికి మెడ తిప్పి, “వెనక ఏందో చప్పుడైతాండాదప్పా” అన్నాడు.

నాకూ వినిపించింది. లోపల, అడుగున, ఏదో నిండుతున్న చప్పుడు.

“బయట వాన చప్పుడు బావా” అన్నాను.

అది అబద్ధమని అప్పటికి నాకు ఖాయంగా తెలియదు. తెలుసుకోవాలంటే దిగి డిక్కీ ఎత్తాలి, ఎత్తితే వాన లోపల పడుతుంది, చీరలు తడుస్తాయి. చీరలు తడవకూడదనే నేను దిగలేదు. ఈ వాక్యాన్ని ఇరవై ఏళ్లుగా ఎన్ని రకాలుగా మార్చి చెప్పుకున్నా దాని అర్థం మారలేదు.

ప్రిన్సిపాలు గారి ఇంటి ముందు పందిరి కింద డిక్కీ ఎత్తాను. స్టెప్నీ గుంత తొట్టిలా నిండి, పరుపు పైకి తేలి, దాని మీద మూట ఒక పక్కకు ఒరిగి ఉంది. తెల్లగుడ్డ గులాబీ రంగుకు తిరిగింది. బావ మూట విప్పాడు. ఎరుపంతా గంధం రంగులోకి దిగి, అంచు నుంచి జానెడు మేర మరకలు కట్టింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ప్రిన్సిపాలు గారి తల్లి గడపలో నిలబడి, మా వైపు కాకుండా నేల వైపు చూస్తూ, “తడిసిన పెండ్లిచీరె గడప దాటియ్యొద్దు నాయనా, మంచిది కాదు” అంది. కోపంగా కాదు, దణ్ణం పెట్టినంత మెత్తగా.

బావ మూట నా చేతికిచ్చాడు. చొక్కా చెయ్యి మడిచి, ఆ నీళ్లలో మోచేతి దాకా ముంచి, వెతికి, బిరడా లాగేశాడు. నీళ్లు కారు కింద ఎర్రగా నేలలోకి పోయాయి. మొత్తం పోవడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

“ఎంత సులభంగా పోయినాయప్పా” అన్నాడు.

ఈ సంగతి గురించి ఆయన నాతో అన్న మాట అదొక్కటే. ఆ పెళ్లికి అనంతపురంలో కొట్టుకు పోయి చీరలు కొన్నారు. మిగిలిన మూడు పెళ్లిళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. సోమవారం బావ సావుకారు గడప ఎక్కాడు. ఆయన ఈసారి పట్టు కాస్త తక్కువ రకం ఇచ్చాడని విన్నాను. మరికొన్నేళ్లకు మరమగ్గాలు వచ్చి సావుకారుకే బావతో పని లేకుండా పోయింది. మగ్గం గుంత పూడ్చి, పైన బండలు పరిపించి, బావ బెంగుళూరులో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉద్యోగానికి వెళ్లాడు. ఆయన చేతిలో ఉన్న పని ఆయనతోనే ఆగింది.

ఇప్పుడు కంబదూరు రోడ్డు తారు రోడ్డు, దుమ్ము వెతుక్కుంటే గానీ దొరకదు. వానలు కూడా వాటి ఇష్టం వచ్చినప్పుడు వస్తున్నాయి. కారులో ఏది పాడైనా అదే గంట కొట్టి చెబుతుంది. తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి నాలుగు మాటలు అనడం కూడా మనుషులకు బాగా అలవాటైంది. అదొక రకంగా సుఖం, అన్నవాడికీ, పడినవాడికీ అక్కడితో తీరిపోతుంది. మా ఇళ్లలో ఆ సుఖం తెలిసినవాళ్లు లేకపోయారు.

పోయిన ఉగాదికి ధర్మవరం వెళ్లాను. అక్క నూలు నేత చీరలో ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. లోపల మేనకోడలు ఫోనులో ఎవరిదో గృహప్రవేశం ఫోటోలు చూపిస్తుంటే, ఒకదానిలో అక్క గంధం రంగు పట్టుచీరలో, మరక పడిన వైపు కుచ్చిళ్లలోకి మడిచి కట్టుకుని, నవ్వుతూ ఉంది. పుట్టినప్పటి నుంచి పట్టు మధ్యనే బతికిన మా అక్కకు అదొక్కటే పట్టుచీరనీ, ఏ శుభకార్యానికైనా అదే కడుతుందనీ మేనకోడలు చెప్పింది. నేనెప్పుడూ చూడలేదే అన్నాను.

“నువ్వొస్తాండావంటే పెట్టెలో పెట్టేస్తాది మామా” అంది.