సెకండ్ హ్యాండ్ డిస్కులో అమ్మ గొంతు

దయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. మైకుసెట్టు నడిపేవాణ్ని. జాతరలు అయిపోయాక శ్మశానాల పక్కనుంచి మైకు హారన్లు మోసుకుంటూ ఎన్నిసార్లు ఇంటికొచ్చానో లెక్కలేదు. ఎప్పుడూ ఏదీ కనబడలేదు. మా వైపు కనబడకుండా మనుషుల్ని చంపేది వాన ఒక్కటే అని నవ్వేవాణ్ని. ఒక్క సాయంత్రం గురించి మాత్రం నాకు నవ్వు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, నమ్మితే నమ్మండి.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. వేరుశనగ వరసగా ఎండిపోతున్న ఏళ్లవి. చేను చేతికి రాక మాకు గొర్రెల మందే తిండి పెట్టేది. మందను మేపేది నాయనే అయినా, అవి మాట వినేది అమ్మది. పొద్దు వాలే వేళకు అమ్మ ఇంటి ముందు మిట్ట మీద నిలబడి "రార్రార్రా... నల్లీ, బొల్లీ, రాండే" అని గొంతెత్తితే గుట్ట దాపున ఉన్నవి కూడా తలెత్తి దారి పట్టేవి. నాయన పిలిస్తే చెవి కూడా ఆడించేవి కావు.

"నా పెండ్లాం గొర్రెలప్పా ఇవి. నేను జీతగాన్ని" అనేవాడు నాయన.

అలాంటి అమ్మకు గొంతులో పుండు లేచింది. అనంతపురంలో చూపిస్తే ఆపరేషన్ చేయాలి, ఆ తర్వాత మాట ఉండదు అన్నారు. ఇంటికి తిరిగొచ్చాక నేను మైకు తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"నాకేం పాటలొస్తాయిరా?" అంది.

"గొర్రెల్ని పిలువమ్మా, చాలు."

పిలిచింది. చివర్లో దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. ఆ దగ్గు కూడా రికార్డయింది. తీసేయడానికి నాకు మనసు రాలేదు.

ఆపరేషన్ తర్వాత అమ్మ నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చేది. గొర్రెలు సాయంత్రాలు ఎటుపడితే అటు చెదిరిపోయేవి. నాయన వాటి వెంట పరిగెత్తి పరిగెత్తి మంచాన పడేలా ఉన్నాడు. ఒకరోజు ఏం తోచక మిద్దె మీద హారన్ కట్టి, అమ్మ పిలుపు వేశాను. మంద మొత్తం వచ్చేసింది. గడప మీద కూర్చున్న అమ్మ తన గొంతు తానే విని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజునుంచీ రోజూ అదే పద్ధతి. ఊళ్లో అందరికీ ఆ పిలుపూ తెలుసు, చివరి దగ్గూ తెలుసు.

ఆ గొంతు ఉన్నది మా ఇంట్లో రాత్రింబవళ్లు నడిచే ఒక పాత కంప్యూటర్లో. వీధి గదిలో నా అంగడి. ఫోన్లలో పాటలు ఎక్కించుకోవడానికి జనం వచ్చేవాళ్లు. పాటలన్నీ లోపలి కంప్యూటర్లో ఉంటే, వైరు లాగి అంగట్లోకి తెచ్చుకున్నాను. దానికి సర్వర్ అని గొప్ప పేరు పెట్టుకున్నాను. ఒక ఎండాకాలం దాని హార్డ్‌డిస్కు టక్ టక్ అనడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వచ్చిందంటే డిస్కుకు చావు దగ్గరపడ్డట్టేనని ఆ పని చేసేవాడికి తెలుసు. నాకు తిండి సహించలేదు.

నాయనా నేనూ అనంతపురం వెళ్లాం. కొత్త డిస్కు కొనాలంటే పొట్టేలును అమ్మాలి. అంగడతను ఇంకొకటి చూపించాడు.

"రీఫర్బిష్డ్ అన్నా. ఒకరి దగ్గర చెడిపోతే కంపెనీలోనే బాగుచేసి పంపినారు. కొత్తదైనా పోతాది, పాతదైనా పోతాది. దేనికి యాడ రాసిపెట్టి ఉండాదో."

నాయన దాన్ని చేతిలో తూచి, అటూ ఇటూ తిప్పాడు. సంతలో గొర్రెను కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూడనిదే మావాళ్లు బేరమాడరు.

"దీనికి పండ్లు యాడ చూడాలప్పా?" అన్నాడు. అంగడతనితో పాటు నేనూ నవ్వాను.

పొట్టేలు మీద ఆశ కొద్దీ సెకండ్ హ్యాండుదే తీసుకున్నాం. సంత అలవాటు మరి, పాతది మారుగా ఇస్తే ఎంత తగ్గిస్తావని కూడా అడిగాం. ఇంట్లో అన్నీ తెచ్చినదానిలోకి ఎక్కించి, పాత డిస్కు అతనికి పంపేశాను. సీడీ లేదా అంటారేమో, ఒకదాంట్లో ఎక్కించి పెట్టాను, మిద్దె ఎండకు దాని పొర లేచిపోయింది. ఊరందరి ఫోన్లలోకీ పాటలు ఎక్కించే నాకు అమ్మ గొంతును ఒక మెమరీ కార్డులో దాచుకోవాలని తోచలేదు. ఇంట్లో ఉంది కదా అనుకున్నాను.

ఆ మధ్యలో మందలో ఒక పిల్ల పుట్టింది. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, తన నుదుటి మీద వేలితో బొట్టులా చూపించింది. దాని నుదుట తెల్ల మచ్చ ఉంది. అలా దానికి చుక్క అని పేరు పెట్టాం. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ ఏడాది రెండు తుంపర్లు పడి మళ్లీ వాన మొహం చాటేసింది. ఒకరోజు మధ్యాహ్నం సర్వర్ ఆగిపోయింది. డిస్కు తిరగడం లేదు. విప్పి చల్లబరిచాను, మళ్లీ పెట్టాను, దండం కూడా పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. అంతలో కరెంటు పోయింది. ఆంప్లిఫయరుకు పెట్టే లారీ బ్యాటరీ అంతకుముందు రోజే చార్జింగుకు ఇచ్చి ఉన్నాను. అంటే ఇంట్లో హారన్‌ను పలికించే దారే లేదు.

సాయంత్రమైనా ఎండ ఇంకా ఉంది. అమ్మ లోపలికి పరిగెత్తుకొచ్చింది. నోరు తెరిచి, గుండెలు బాదుకుంటూ హారన్ వైపు చూపించింది. బయటికొచ్చి చూస్తే మిట్ట కింద మా ఊరి ఏసోబన్న జొన్న చేలోకి మా మంద తిరుగుతోంది. కోసేసిన మోళ్లకు తుంపరకు లేచిన పచ్చి పిలకలున్నాయి. మేం దాన్ని నాము అంటాం. నాలుగు నోళ్లు మేస్తే చాలు, గొర్రె కాళ్లు తన్నుకుని చస్తుంది. నాయన తువ్వాలు ఊపుతూ అరుస్తున్నాడు. అవతల గట్టునుంచి ఏసోబన్న కూడా పరిగెత్తుతున్నాడు. పచ్చ కనబడ్డ ఆకలి గొర్రెలు ఎవరి మాట వింటాయి?

అమ్మ నా భుజాలు పట్టి ఊపింది. నా చేతిలో చచ్చిన డిస్కు ఉంది. "నా దగ్గర లేదమ్మా, పోయింది" అని ఏడ్చేశాను. మంద పోతే మాకు ఊళ్లో బతుకు లేదు. అంతకంటే, అమ్మ గొంతు పోయిందని అమ్మకే చెప్పాల్సి రావడాన్ని తట్టుకోవడం నా వల్ల కాలేదు.

అప్పుడు వినబడింది. "రార్రార్రా..."

ఎటునుంచి అని అడిగితే చెప్పలేను. మిద్దె మీదినుంచి అనే అనిపించింది. అమ్మ నా ఎదురుగా ఉంది, ఆమె పెదవులు కదలడం లేదు. కింద గొర్రెలు ఒక్కసారిగా తలలెత్తాయి. తర్వాత మిట్టెక్కడం మొదలుపెట్టాయి.

ముందు చేలో దిగినవి రెండు చచ్చిపోయాయి. మిగిలిన మందంతా దొడ్లోకి చేరింది.

ఏసోబన్న రొప్పుతూ వచ్చి, "సమయానికి వేసినావప్పా. ఆ దగ్గు ఎప్పుడు తీసేసినావు?" అన్నాడు.

నాయన చుక్కను చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఇది చేలో నోరు పెట్టబోయినాది. చుక్కా అని మీ అమ్మ గొంతు పిలిస్తానే ఎనక్కి తిరిగినాది. చుక్కను ఎట్ల పిలిపించినావురా మీ అమ్మతో?"

ఆ పిల్ల పుట్టేనాటికే అమ్మకు మాట లేదు. ఆ పేరు అమ్మ నోటితో ఎన్నడూ పలకలేదు.

డిస్కును బెంగుళూరులో బాగుచేసేవాళ్లకు చూపించాను. దీన్నుంచి ఏమీ రాదన్నారు. గాలికి వేరే ఊరి మైకు వినబడిందేమో, భయంలో మేం నలుగురం ఒకటే భ్రమపడ్డామేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. చుక్క దగ్గరికొచ్చేసరికి ఏదీ అతకదు. ఇప్పటికీ నాకు తెలియదు.

అమ్మ మాత్రం ఆ రోజు నేనే ఏదో చేసి డిస్కును బాగుచేశాననుకుంది. నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. మర్నాడు పొద్దు వాలే వేళకు గడప మీద కూర్చుని, హారన్ వైపు చూపించి, ఇంకొకసారి వినిపించమని వేలెత్తి సైగ చేసింది.